గంగమ్మ తొక్కు, నేనమ్మిన తురుముడు పలకలు

సిరుగుప్ప సంతలో నేను క్యారట్ తురమడం మొదలుపెడితే బళ్లారి బస్సు ఆగిపోయేది. డ్రైవరు కిటికీలోంచి తల బయటపెట్టి చూసేవాడు. కండక్టరు టికెట్లు ఇవ్వడం మరిచిపోయేవాడు. ముప్పై ఎనిమిదేళ్ళు ఈ మాట చెప్పుకుంటూ తిరిగాను. ఇప్పుడు కాగితం మీద పెడుతున్నాను కాబట్టి నిజం రాయాలి. బస్సు ఆగేది నిజమే. అక్కడ దాని స్టాపు.

నా పేరు తిప్పన్న. బళ్లారిలో ఒక స్టీలు సామాన్ల అంగడికి పనిచేశాను. గద్దె మీద కూర్చునే పని కాదు. సంతలకీ జాతరలకీ సరుకు మోసుకుపోయి, బల్ల వేసుకుని, జనం ముందర తురిమి చూపించి అమ్మే పని. చేత్తో పట్టుకుని తురుముకునే పలకలు నా సరుకు. అంగట్లో వాటిని గ్రేటర్లంటారు, ఊళ్ళలో తురుముడు పలకలంటారు, కన్నడం మాట్లాడే ఇళ్ళలో తురిమణె అంటారు. గరిటెలూ జల్లెడలూ కూడా అమ్మాను గాని జనం నన్ను గుర్తుపెట్టుకున్నది పలకలతోనే. క్యారట్ తిప్పన్న అంటే సిరుగుప్ప నుంచి కురుగోడు దాకా తెలియని ఇల్లు లేదు. సరే, కొన్ని ఇళ్ళు ఉంటాయి.

మొన్న పాత అంగడికి పోయాను. కొత్తగా పనిలో చేరిన ఒకమ్మాయి ఫోను ఎదురుగా నిలబెట్టుకుని, గ్రేటరు మీద క్యారట్ తురుముతూ వీడియో తీసుకుంటోంది. బాగా మాట్లాడుతోంది. నన్ను చూసి, "తాతా, మీరు పెద్ద పేరున్నోళ్ళంట కదా, ఈ పనిలో గుట్టేందో చెప్పండి" అంది. అక్కడే నిలబడి చెప్పేంత చిన్న సంగతి కాదు. పైగా అంగడి యజమాని వింటున్నాడు. అందుకని ఇంటికొచ్చి రాస్తున్నాను, ఆ అమ్మాయి కోసమూ, ఆమెలాగా వంటసామాను అమ్మబోయే వాళ్ళ కోసమూ. కొనేవాళ్ళు చదివినా నాకు అభ్యంతరం లేదు. ఇప్పుడు నన్నెవరూ పనిలోంచి తీసెయ్యలేరు.

క్యారట్ సంగతి

ముందు గుట్టు విప్పేస్తాను. ఆ క్యారట్ మాయ క్యారట్.

మాయ అంటే మంత్రం కాదు. సంత రోజు పొద్దున్నే మార్కెట్టుకి పోయి, లేతగా, సన్నగా, బిడ్డ వేలంత ఉన్న క్యారట్లు ఏరేవాణ్ణి. బకెట్టు నీళ్ళలో వేసి రెండు గంటలు ఉంచేవాణ్ణి. నీళ్ళు తాగిన లేత క్యారట్ పట్టుకుంటే పెళుసుగా ఉంటుంది. దాన్ని ఇంటి కప్పు రేకు మీద రుద్దినా తురుము రాలుతుంది. దానికి తోడు ఏళ్ళ తరబడి అదే పని చేసిన చెయ్యి. జనం చూసేది పలక పదునని అనుకుంటారు. వాళ్ళు చూసేది క్యారట్ లేతదనమూ నా మణికట్టూ.

కాబట్టి కొనేవాళ్ళకి నా మొదటి మాట: క్యారట్ చూపిస్తే నమ్మొద్దు. అమ్మేవాళ్ళకి నా మొదటి మాట: క్యారట్ చూపించి అమ్మితే అమ్ముడుపోతుంది. ఆ రెండు మాటల మధ్యనే మన వృత్తి అంతా ఉంది.

పళ్ళు, పిడి, కన్నాలు

పలక చూడ్డం నాకు నేర్పింది మా అంగడి సావుకారి కాదు, కురుగోడులో ఒక ముసలామె. పేరు అడగలేదు. నేను గుక్కతిప్పుకోకుండా మాట్లాడుతుంటే ఆమె పలక చేతిలోకి తీసుకుని, వెనక్కి తిప్పి, ఎండకి ఎదురుగా పట్టి చూసింది. ఎందుకట్లా చూస్తావని అడిగితే, ముందరపక్క అందరూ బాగానే ఉంటారు, యెనకాల చూడాలప్పా అంది. ఆ రోజు నుంచి నేనూ వెనకాలే చూస్తాను.

రేకుకి అచ్చుతో గుచ్చి పైకి లేపిన పళ్ళు ఒక రకం. అవి కొయ్యవు, చింపుతాయి. రసం కారిపోతుంది, భుజం నొస్తుంది. అంచుకి పదును పెట్టి చేసిన పళ్ళు ఇంకో రకం. అవి కోస్తాయి. మెల్లగా లాగినా తురుము పొడిపొడిగా రాలుతుంది. వెనకనుంచి ఎండకి పట్టి చూస్తే కన్నం అంచు తెలిసిపోతుంది. పీచులు పీచులుగా, అక్కడక్కడా ముడుచుకుని ఉంటే చింపే రకం. శుభ్రంగా, అన్ని కన్నాలూ ఒకే తీరుగా ఉంటే కోసే రకం. కోసే రకం ఖరీదెక్కువ. అయినా అదే కొనండి. పది పలకలు మార్చేదాని కంటే ఒకటి పట్టుకోవడం నయం.

తర్వాత పిడి. ఒక చేత్తో పిడి, ఒక చేత్తో కొన పట్టుకుని తడి తువ్వాలు పిండినట్టు కొంచెం మెలిపెట్టండి. కిర్రుమంటే బల్ల మీద పెట్టేసి వచ్చేయండి. పిడిని తడి చేత్తో పట్టుకుని చూడండి, వంటింట్లో పొడి చెయ్యి ఎవరికీ ఉండదు. పిడికీ రేకుకీ మధ్య సందు ఉంటే అందులో కొబ్బరి చేరి మక్కుతుంది. కొనకి రబ్బరు ముక్క ఉంటే గిన్నె అంచు మీద జారదు.

ఇక కన్నాలు. బెల్లానికి పెద్ద కన్నాలు కావాలి, సన్న కన్నాల్లో బెల్లం కూర్చుని లేవనంటుంది. ఎండు కొబ్బరికి మధ్య రకం. అల్లానికి సన్నవి, అదీ పీచుకి అడ్డంగా రుద్దాలి. నాలుగు పక్కలా నాలుగు రకాల పళ్ళున్న డబ్బా గ్రేటరు ఉంది చూశారూ, దాన్ని ఒకటి కొంటే నాలుగొచ్చినట్టే అని అరిచి అమ్మాను. ఏ ఇంట్లో చూసినా ఆడవాళ్ళు వాడేది ఒక్క పక్కే. మిగతా మూడు పక్కలూ కడిగేటప్పుడు చేతులు గీరడానికి ఉంటాయి. మామూలు ఇంటికి రెండు పలకలు చాలు: ఒకటి మధ్య రకం, ఒకటి సన్నది.

కడిగేటప్పుడు వెనకపక్క నుంచి, వెంటనే, బ్రష్షుతో. తురిమేటప్పుడు చివరి ముక్క దగ్గర పంతానికి పోవద్దు. చివరి ముక్క తినేయండి. నా బొటనవేలు కొసన చర్మం లేని చోటు ఒకటుంది. జాతరలో పులి గీరిందని మనవళ్ళకి చెప్పాను. బీట్‌రూటు చివరి ముక్క.

మడమలకి అమ్మిన సరుకు

సన్న పళ్ళ రకంలో పొడుగ్గా, రెండు వేళ్ళ వెడల్పుతో ఒకటి వస్తుంది. డబ్బా మీద జెస్టర్ అని రాసుంటుంది, కమలాపండు బొమ్మ ఉంటుంది. అది మా అంగడికి మొదటిసారి వచ్చినప్పుడు దేనికో నాకూ తెలియదు, సావుకారికీ తెలియదు. చూడ్డానికి వడ్రంగి ఆకురాయిలా ఉంది. తెలియదని జనం ముందర చెప్పడం నాకు చేతకాదు. పగిలిన మడమలు రుద్దుకునేదని చెప్పాను. ముప్పై అమ్మానని అంగట్లో చెప్పుకున్నాను. మూడు అమ్మాను.

ఆ మూడింట్లో ఒకటి కాలవ కింద క్యాంపులో ఉండే టీచరమ్మ కొంది. వాళ్ళ తాతల కాలంలో కోస్తా నుంచి వచ్చి వరి పెట్టుకున్న కుటుంబం. పై వారం ఆమె దాన్ని తీసుకుని మళ్ళీ వచ్చింది. తిట్టడానికొచ్చిందనుకుని బల్ల సర్దుతున్నట్టు నటించాను. ఆమె నవ్వుతూ, "తిప్పన్నగారూ, ఇది కాళ్ళకి కాదండీ, నిమ్మకాయకి" అని, సంచిలోంచి నిమ్మకాయ తీసి నా బల్ల మీదే చూపించింది. కాయని గట్టిగా అదమకుండా, తిప్పుకుంటూ, పైన పసుపు మాత్రమే గీరింది. తెలుపు కనపడగానే ఆపింది. తెల్లటిది చేదట. ఆ పసుపు పొడి చిటికెడు చిత్రాన్నం మీద చల్లితే రెండు కాయల రసం పిండినా రాని వాసన వస్తుంది. ఆమె ఇంట్లో దబ్బకాయ తొక్కకి కూడా దాన్నే వాడుతుందట.

అటుతర్వాత నేను దాన్ని సరిగ్గా అమ్మాను. నిమ్మజాతికి సన్నటి పొడుగు పలక చాలు. అల్లం, వెల్లుల్లి, జాజికాయ కూడా దాని మీదే చెయ్యాలంటే కొంచెం వెడల్పున్నది తీసుకోండి. తొడుగు లేకుండా అమ్మితే కొనొద్దు. తొడుగు లేనిది సొరుగులో మన వేళ్ళూ తింటుంది, దాని పదునూ పోగొట్టుకుంటుంది. పదును చూడ్డానికి వేలు మాత్రం పెట్టొద్దు.

మడమలకి కొన్న మిగతా ఇద్దరూ తిరిగి రాలేదు. వాళ్ళు సుఖంగా ఉన్నారని నమ్ముతున్నాను.

మెరుపు సరుకు

ఇంతవరకు నవ్వుకునే సంగతులు. ఇప్పుడు రాసేది నవ్వుకునేది కాదు.

మా సావుకారి మంచి వ్యాపారస్తుడు. తడి చేత్తో పట్టుకుని చూడకుండా ఏ వస్తువూ అంగట్లోకి రానిచ్చేవాడు కాదు. కానీ ఒక యేడు స్టీలు ధర పెరిగేసరికి ఆయన పట్టు సడలింది. అద్దంలా మెరిసే పలకల లాటు ఒకటి తెచ్చాడు. తేలిక, చవక. లోపల మామూలు ఇనప రేకు, పైన పూత. సంతలో ఆ మెరుపుకి జనం ఈగల్లా ముసిరారు.

అప్పుడొచ్చింది గంగమ్మ. దేశనూరు మనిషి. నలభై దాటిన వయసు. పదహారో యేట నుంచి నాట్లకి పోయి, నీళ్ళలో వంగి వంగి నడుము పోయింది. ఇంక వంగొద్దని డాక్టరు చెప్పాడు. కాలవకి నీళ్ళు వదిలితే నాట్లు మొదలవుతాయి, పోకపోతే ఇల్లు జరగదు. ఆమెకి ఒక దారి దొరికింది. ఆమె పెట్టే మామిడి తొక్కు పచ్చడికి ఊళ్ళో పేరుంది. సిరుగుప్పలో ఖానావళి, అంటే భోజనాల హోటలు, నడిపే బసవరాజప్ప అది రుచి చూసి, మొదటి విడత బాగుంటే యేడాది పొడుగునా నీ దగ్గరే తీసుకుంటానన్నాడు. పచ్చి మామిడికాయలు తురిమి, ఉప్పేసి, ఎండబెట్టి, కారం మెంతిపిండి కలిపి పోపు పెట్టాలి. అంత తురమాలంటే ఈలపీట మీద అయ్యే పని కాదు. తనకీ, ముగ్గురు తోడికోడళ్ళకీ కలిపి నాలుగు పలకలు అడిగింది. ఇదంతా నా బల్ల ముందర నిలబడి, సంతోషంగా, ఒక్క ఊపిరిలో చెప్పింది. చివర ఒకే ఒక్కటి అడిగింది.

"పుల్లటి కాయలప్పా. పులుపుకి తట్టుకుంటాదా?"

"పులుపేందమ్మా, ఆసిడ్ పోసినా దీని మెరుపు పోదు" అన్నాను.

ఆ పూత అంత అధ్వాన్నమని నాకప్పుడు తెలియదు, అని చాలా ఏళ్ళు చెప్పుకున్నాను. మా బంధువులకి చెప్పాను, అంగట్లో వాళ్ళకి చెప్పాను. అది అబద్ధం. అంతకు పదిహేను రోజుల ముందే ఆ లాటులోది ఒకటి ఇంటికి తెచ్చాను. మా ఇంటామె దాని మీద మామిడికాయ తురిమి, కడగడం మరిచి అట్లే పెట్టింది. పొద్దున చూస్తే పళ్ళ చుట్టూ నల్లటి మచ్చలు. దాన్ని తీసి బట్టలుతికే బండ దగ్గరికి విసిరేసి, నీ సరుకు మనింటికి మాత్రం తేవద్దని చెప్పింది. అంటే నాకు తెలుసు. తెలిసే ఆసిడ్ మాట అన్నాను.

గంగమ్మా తోడికోడళ్ళూ రెండు రోజులు తురిమారు. మధ్యలో టీ తాగను లేచినప్పుడు పలకలు ఉప్పు వేసిన తురుములోనే గుచ్చి పెట్టేవాళ్ళట. ఎవరైనా అట్లే చేస్తారు. పూత లేచిపోయింది, ఇనుము పులుపులో దిగింది. ఈలపీట కూడా ఇనుమే కదా అని మీరడగొచ్చు. ఈలపీట ఒక్క అంచుతో కోస్తుంది, గుడ్డతో తుడిచేస్తాం. పలకకి ఇన్ని వందల కన్నాలు, ప్రతి కన్నంలోనూ రసం నిలబడి ఉంటుంది. మూడో రోజుకి తురుము బూడిద రంగు తిరిగింది. పోపు పెట్టాక బసవరాజప్పకి తీసుకుపోతే ఒక్క ముద్ద నోట్లో పెట్టుకుని, తాళంచెవి నాకినట్టుంది, ఇది జనానికి పెట్టలేనని గిన్నె వెనక్కి తోశాడు.

పై సంతకి గంగమ్మ ఆ తొక్కు జాడీలో తెచ్చింది. అరవలేదు. జనం నిండా ఉన్నారు. జాడీ మూత తీసి, రుచి చూడమని నా ముందు పెట్టింది. చూశాను. ఇనుము నాలుకకి తగిలింది. ఆ క్షణంలో ఒక్క మాట చెబితే సరిపోయేది.

"ఏం గంగమ్మా, కాయలకి నీళ్ళు పోసి కడిగినావా లేదా? దేశనూరు మట్టంతా ఈడనే ఉండాది" అన్నాను.

జనం పగలబడి నవ్వారు. నా జోకులకి నవ్వడం వాళ్ళకి అలవాటు. ఆమె వాళ్ళని చూసింది, నన్ను చూసింది, జాడీకి మూత పెట్టింది. సరే అప్పా అని వెళ్ళిపోయింది. ఆ రోజు అమ్మకాలు బాగా జరిగాయి. ఈ వృత్తిలో నేను సిగ్గుపడేది ఆ జోకుకి కాదు, ఆ తర్వాత అదే ఊపులో పొద్దుగూకేదాకా అమ్మినందుకు.

గోడ మీద తొమ్మిది ముక్కలు

కాలవకి నీళ్ళొచ్చాయి. సిరుగుప్పకి బస్సులో పోతుంటే రెండు పక్కలా మళ్ళలో ఆడవాళ్ళు వరసగా వంగి నాట్లేస్తున్నారు. వంగిన మనిషి వెనకనుంచి ఎవరో తెలియదు. గంగమ్మ అందులో ఉందో లేదో తెలియదు. తెలియలేదు కాబట్టి ప్రతి వరసలోనూ ఉన్నట్టే అనిపించింది. కిటికీ పక్క సీటు వదిలి లోపలి సీటులోకి జరిగాను. మళ్ళు కనపడకపోయినా లాభం లేకపోయింది.

మరుసటి రోజు అంగట్లో ఉన్న తొమ్మిది రకాల పలకలూ ఇంటికి తెచ్చి, కాంపౌండు గోడ మీద వరసగా పెట్టి, ఒక్కోదాని మీద పచ్చి మామిడి ముక్క ఒకటి ఉప్పద్ది పెట్టాను. మా ఇంటామె చూసి, ఏంది, గోడకి నైవేద్యం పెడతాండావా అంది. పొద్దున లేచి చూస్తే ఏడింటి మీద ముక్క కింద నలుపు. రెండు మాత్రం శుభ్రంగా ఉన్నాయి. ఇంకో సంగతి కూడా అప్పుడే తెలిసింది. అయస్కాంతం అంటుకోకపోతేనే అసలైన స్టీలని మా సావుకారి ఎప్పుడూ చెప్పేవాడు, నేనూ వేల మందికి చెప్పాను. ఆ శుభ్రంగా ఉన్న రెండింట్లో ఒకదానికి అయస్కాంతం గట్టిగా అంటుకుంది. కాబట్టి అయస్కాంతాన్ని మీ ఫ్రిజ్జుకే ఉంచండి. పలకకి పులుపే పరీక్ష.

మెరుపు లాటు వెనక్కి పంపించమని సావుకారిని అడిగాను. ఆయన తల ఎత్తకుండానే, "నీ నోరు అమ్మనీకి పెట్టుకున్యా తిప్పన్నా, ఒప్పుకోనీకి కాదు" అన్నాడు. అప్పుడు నేను వీరుడిలా ఉద్యోగం ఆయన మొహాన కొట్టి వచ్చేశానని రాయాలని ఉంది. రాజీపడ్డాను. ఎండు కొబ్బరికీ బెల్లానికీ ఆ పలక బాగానే పనిచేస్తుంది, పులుపుకి మాత్రం వద్దని ప్రతి ఒక్కరికీ చెప్పి అమ్ముతానన్నాను. ఆయన గొణిగి ఒప్పుకున్నాడు. చెప్పి అమ్మితే లాటు ఖాళీ కాదని భయపడ్డాడు గాని అదీ ఖాళీ అయింది, కొంచెం మెల్లగా. అమ్మే పనిలోకి వచ్చేవాళ్ళు ఈ ఒక్క ముక్క గుర్తుపెట్టుకోండి. దేనికి పనికిరాదో ముందే చెప్పేస్తే, దేనికి పనికొస్తుందో చెప్పినప్పుడు జనం నమ్ముతారు. నాకిది తెలిసేసరికి తల నెరిసింది.

తెలియనోళ్ళకి చెప్పడం

నలుపెక్కని ఆ రెండు పలకలూ సంచిలో వేసుకుని దేశనూరు పోయాను. గంగమ్మ వాకిట్లో చాప మీద పక్కకి తిరిగి పడుకుని ఉంది. మూడు రోజులు నాట్లకి పోయిందట, నాలుగో రోజు లేవలేకపోయిందట. నన్ను చూసి లేవబోయింది, వద్దన్నాను. మొత్తం చెప్పేశాను. పూత సంగతి, మా ఇంట్లో పలకకి మచ్చలు వచ్చిన సంగతి, తెలిసి కూడా ఆసిడ్ మాట అన్న సంగతి, మట్టి జోకు. పలకలు తీసి చాప పక్కన పెట్టాను.

ఆమె వాటిని ముట్టుకోలేదు. మెల్లగా అంది.

"నాకు చెప్తే ఏమొస్తాదప్పా? నాకు తెల్సు కదా. తెలీనోళ్ళకి చెప్పు."

తెలియనివాళ్ళంటే బసవరాజప్ప. ఆమె చేతిపని బాగాలేదని ఆయన అనుకుంటున్నాడు. ఆయన అనుకుంటే ఖానావళిలో తినేవాళ్ళు అనుకుంటారు. మర్నాడు ఆమె నడుముకి గుడ్డ కట్టుకుని నాతో బస్సెక్కింది. దారి పొడుగునా ఒక్క మాట మాట్లాడలేదు. నేను కూడా, నమ్ముతారో లేదో, మాట్లాడలేదు.

మేం పోయేసరికి మధ్యాహ్నం భోజనాల వేళ. బల్లలన్నీ నిండి ఉన్నాయి. బసవరాజప్ప గల్లా దగ్గర కూర్చుని ఉన్నాడు. జనాన్ని చూస్తే నా నోరు ఆగదు. చెయ్యెత్తి మొదలుపెట్టాను: అయ్యా, నేను మహా పాపిని, ఈ జిల్లాలో నాలుగువేల ఇళ్ళ తొక్కు నా చేత్తో చెడగొట్టాను, నా అంత మోసగాడు తుంగభద్రకి ఈ దరిన గాని ఆ దరిన గాని పుట్టలేదు. తినేవాళ్ళు చేతులు ఆపి చూస్తున్నారు. ఒకాయన నవ్వడం మొదలుపెట్టాడు. నాకు ఊపు వస్తోంది.

గంగమ్మ నా చొక్కా చెయ్యి పట్టుకుని లాగింది.

"నాలుగువేలు కాదు. నాది ఒకటి. అది చెప్పు."

అప్పుడు అర్థమైంది నేనేం చేస్తున్నానో. నాలుగువేలు చెడగొట్టానంటే అది కథ, జనం నవ్వుకుంటారు. ఒకటి చెడగొట్టానంటే అది తప్పు. నా జీవితంలో అంత చిన్న మాట ఎప్పుడూ చెప్పలేదు.

"ఈమె తొక్కు చెడింది నేనమ్మిన పలక వల్ల. అది పులుపుకి పనికిరాదని నాకు ముందే తెల్సు. తెలిసే అమ్మినా. ఈమెది తప్పేం లేదు."

నవ్వుతున్నాయన నవ్వు ఆపేసి రొట్టె విరుచుకున్నాడు. బసవరాజప్ప నన్ను పైనుంచి కిందికి చూశాడు. మాటలతో అన్నం తినలేం కదప్పా అన్నాడు. తర్వాత గంగమ్మ వైపు తిరిగి, సీజను అయిపోవస్తా ఉండాది, ఒక గిన్నె చేసుకుని రా, చూస్తా అన్నాడు. అంతకంటే ఒక్క మాట ఎక్కువ ఇవ్వలేదు.

ఒక గిన్నె

బళ్లారి మార్కెట్టులో చివరి తోతాపురి కాయలు దొరికాయి. ముదిరినవి తీసేసి, గట్టిగా, పుల్లగా ఉన్నవి ఏరి దేశనూరుకి తెచ్చాను. గంగమ్మ పని ఎలా చేసిందో చూశాను. పీట మీద నిటారుగా కూర్చుంది. గిన్నెని ముక్కాలి పీట మీద పెట్టుకుంది, వంగే పని లేకుండా. నేను చాప పక్కన పెట్టిన పలకల్లో ఒకటి తీసుకుని, రెండు కాయలకోసారి దాన్ని వెనకనుంచి కడిగింది, గుడ్డతో ఒత్తింది. లేచినప్పుడల్లా పలకని వేరే పళ్ళెంలో బోర్లించింది. ఆమెకి ఇవన్నీ నేను చెప్పలేదు. ఎండ అంతంత మాత్రమే ఉంది, ఒక రోజు ఎక్కువ పట్టింది. తురుము రంగు మారలేదు.

పోపు పెట్టి, చల్లారాక, గిన్నె తీసుకుని మళ్ళీ ఇద్దరం ఖానావళికి పోయాం. బసవరాజప్ప అప్పుడే భోజనానికి కూర్చున్నాడు. కొంచెం వేలితో నాకాడు. మొహం చూస్తే ఏమీ తెలియలేదు, వ్యాపారస్తుడు కదా. కొంచెం అన్నంలో కలుపుకున్నాడు. తిన్నాడు. ఇంకొంచెం కలుపుకున్నాడు. పప్పు గిన్నె పక్కకి జరిపాడు. అన్నం అయిపోయింది.

"అన్న హాకప్పా" అన్నాడు కన్నడంలో, ఇంకా అన్నం వెయ్యమని, వడ్డించే ఆయనతో.

మూడోసారి అన్నం వడ్డించాక గంగమ్మని కూర్చోమన్నాడు. వారానికి ఎంత ఇవ్వగలవు, ఉన్న కాయలతో ఎన్నాళ్ళు వస్తుంది, కాయలు లేనప్పుడు ఉసిరికాయదో నిమ్మకాయదో పెట్టగలవా అని అడిగాడు. ఆమె ఒక్కోదానికి లెక్కగా జవాబు చెప్పింది. ఆ యేడు ఆమె మళ్ళీ మడిలో కాలు పెట్టలేదు. ఆ తర్వాత కూడా పెట్టలేదు. ఇప్పటికీ ఆ ఖానావళిలో రొట్టె పక్కన ఆమె తొక్కే వేస్తారు. నడుముకి కట్టు మాత్రం ఉంది. అది నేను బాగుచేయగలిగింది కాదు.

ఖానావళి మెట్లు దిగుతూ ఆమె ఇంకా మూడు పలకలు కావాలంది, తోడికోడళ్ళకి. నా ప్రాణం లేచొచ్చింది. నేనే మంచివి ఏరి, దేశనూరుకి తెచ్చిస్తానన్నాను.

"వద్దు. సంతకి నేనే వస్తా, కాయ నేనే తెస్తా" అంది. "నువ్వు మాట్లాడొద్దు, అంతే."

సంత రోజు నలుగురూ వచ్చారు. చీర కొంగుల్లో మామిడి ముక్కలు కట్టుకుని వచ్చారు, ఉప్పు పొట్లం వేరే. నేను మంచివని పక్కకి తీసి పెట్టిన పలకల మీద ముక్కలు పెట్టి, సంత అంతా తిరిగి సాయంత్రం వస్తామని చెప్పి పోయారు. నేను ఆ పూట వాటిని కాపలా కాశాను. వచ్చినవాళ్ళంతా ఇదేందప్పా, ఈ ముక్కలేంది అని అడిగారు. పలక పులుపుకి ఆగుతుందో లేదో చూస్తున్నారని చెప్పాను, ఇంకేం కలపలేదు. అడిగినవాళ్ళలో కొందరు పై వారం తమ ముక్కలు తామే తెచ్చుకున్నారు.

సాయంత్రం గంగమ్మ వచ్చి ఒక్కో ముక్కా లేపి చూసింది. గోరుతో గీరింది. ముక్క కొరికి రుచి కూడా చూసింది.

"ఇది వద్దు. ఇదీ వద్దు. ఈ మూడూ కట్టు."

కట్టిచ్చాను.